మోడల్ రైళ్ళలో హెచ్‌ఓ నుంచి ఎన్ స్కేల్‌కి మారాలా? ముందు నేల మీద కాగితాలు పరిచి చూడండి

ఏ4 కాగితాలు 22 తీసుకోండి. ఒక్కో దాని పొడుగులో రెండు సెంటీమీటర్ల చిల్లర కత్తిరించేయండి. మిగిలేది 27.6 సెం.మీ. మన 24 మీటర్ల ఎల్‌హెచ్‌బీ బోగీ (ఇప్పటి కొత్త రకం పెట్టె) హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలుకి 87వ వంతులో (1:87), దాదాపు అంతే ఉంటుంది. ఇప్పుడు వాటిని 22 బోగీల రేక్ (రైలు వరస) లాగా హాల్లో ఒకదాని వెనక ఒకటి పరచండి. ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం.

మా హాలు పొడుగు పద్దెనిమిది అడుగులు. టీవీ స్టాండ్ దగ్గర మొదలుపెట్టాను. ఇరవయ్యో కాగితం బాల్కనీ గడప దాటింది. టీ పట్టుకొచ్చిన మా ఆవిడ ఒక్క క్షణం చూసి, "మీ రైలు ఔటర్‌లోనే ఆగిపోయినట్టుందండీ" అంది. మౌలాలి దగ్గర అరగంట ఆగిన అనుభవం ఉన్న మనిషి కదా.

తర్వాత ఇంకో 22 కాగితాలు కత్తిరించకుండానే సగానికి మడిచాను. ఏ4 సగం 14.85 సెం.మీ. ఎన్ స్కేల్లో, అంటే 1:160లో, అదే బోగీ 15 సెం.మీ. వాటిని పరిస్తే మొత్తం రేక్ 3.3 మీటర్లు, పదకొండు అడుగుల లోపే. డైనింగ్ టేబుల్ దగ్గర ఆగింది.

నాలుగేళ్ళుగా వాయిదా వేస్తున్న నిర్ణయం ఆ సాయంత్రం తేలింది. ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగితే వాళ్ళకీ ఇదే చెప్పాను. "మాది చిన్న ఫ్లాట్, కాబట్టి చిన్న స్కేల్" అని మొదలుపెట్టకండి. ఏ రైలు కావాలి, అది ఒక్కసారిగా ఎంత పొడుగు కళ్ళకి కనపడాలి అన్నది ముందు తేల్చుకోండి. గది కొలతలు ఆ తర్వాత. ఎన్‌కి మారినవాళ్ళలో చాలామంది ఖాళీ జాగా మిగుల్చుకోరు. అదే బల్ల మీద పొడుగు రైలు నడుపుతారు. నేనూ అంతే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. నాకు రైలంటే ఇంజన్ ఒక్కటే కాదు, చివర గార్డు పెట్టె వెళ్ళిపోయేదాకా గేటు దగ్గర నిలబడి బోగీలు లెక్కపెట్టడం. పన్నెండేళ్ళు హెచ్‌ఓలో ఉన్నాను. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ మీద ఆరు బోగీల ఎక్స్‌ప్రెస్ తన తోక తానే పట్టుకోబోతున్నట్టు తిరిగేది. ఏదో వెలితి ఉండేది. ఏమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది.

వంపు దగ్గర అసలు గొడవ

జాగా అనగానే అందరూ పొడుగు చూస్తారు. నిజానికి ఇబ్బంది పెట్టేది వంపు. మోడలర్లలో ఒక మోటు లెక్క ఉంది. మీ దగ్గరున్న అతి పొడుగు బోగీకి రెండింతలు వ్యాసార్థం ఉంటే రైలు ఎలాగో తిరుగుతుంది. రెండున్నర రెట్లుంటే నమ్మకంగా తిరుగుతుంది. మూడు రెట్లుంటే చూడ్డానికి బాగుంటుంది. ఎల్‌హెచ్‌బీకి ఈ లెక్క వేయండి. హెచ్‌ఓలో మూడు రెట్లంటే 83 సెం.మీ. వ్యాసార్థం. అంటే రైలు వెనక్కి తిరగడానికే పట్టాల మధ్య కొలతగా 1.66 మీటర్ల వెడల్పు కావాలి. నాలుగడుగుల ప్లైవుడ్ వెడల్పు 1.22 మీటర్లు. ఇక చెప్పేదేముంది. దాని మీద 22 అంగుళాలు, అంటే 56 సెం.మీ. వ్యాసార్థం పెట్టినా అంచుకి రెండంగుళాలే మిగులుతాయి. ఎల్‌హెచ్‌బీకి అది రెండింతల లెక్కకి కాస్త పైన. బోగీ కొసలు పట్టా బయటికి తొంగి చూస్తాయి, రెండు బోగీల మధ్య సందు నోరు తెరుస్తుంది. నా వెలితి అదే.

ఈ తిప్పలు మనకే అనుకోకండి. యూరప్‌లో 26.4 మీటర్ల బోగీలున్నాయి. హెచ్‌ఓలో అవి 303 మి.మీ. రావాలి. మామూలు ఇళ్ళలో తిరగవని పేరున్న కంపెనీలే ఏళ్ళ తరబడి వాటిని 282, 264 మి.మీ.కి కుదించి అమ్మాయి. ఎత్తు, వెడల్పు స్కేల్ ప్రకారం, పొడుగు మాత్రం బేరం ప్రకారం.

ఎన్‌లో అదే మూడు రెట్లు 45 సెం.మీ. వ్యాసార్థం. నాలుగడుగుల బల్ల మీద హాయిగా కూర్చుంటుంది, ఇంకా లోపల లూప్ లైను వేసుకోవచ్చు. 87కీ 160కీ తేడా 1.84 రెట్లు. కాబట్టి ఎనిమిది బై నాలుగు బల్ల ఎన్‌లో వాడితే, హెచ్‌ఓ వాడికి దాదాపు పదిహేను బై ఏడున్నర అడుగుల బల్ల దొరికినట్టు. విస్తీర్ణంలో మూడు రెట్లు దాటింది. హైదరాబాద్‌లో అంత బల్ల వేయాలంటే ఒక బెడ్‌రూమ్ మొత్తం రాసివ్వాలి.

మీ కోరిక పొడుగు రైలు కాకపోతే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. యార్డులో షంటింగ్ చేయడం, ఒక్కో వ్యాగన్ విడదీసి సైడింగ్‌లో పెట్టడం, షెడ్డులో ఇంజన్లు వరసగా నిలబెట్టడం మీకు ఇష్టమా? హెచ్‌ఓ వదలకండి. ఒకటిన్నర అడుగు వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు చెక్క ఒకటి గోడకి బిగిస్తే చాలు, వంపే అక్కర్లేదు. ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) మీద ప్రేమ ఉన్నవాళ్ళకీ అంతే. దాని రేక్‌లో మూడు పెట్టెలు తగ్గించినా ఎవరూ కోర్టుకి వెళ్ళరు.

మన బ్రాడ్ గేజ్ బాధ

ఇది ఏ స్కేల్లోనూ పూర్తిగా తీరదు. మన గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ. బజార్లో మామూలుగా దొరికే పట్టాలు 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి చేసినవి. హెచ్‌ఓలో మనకి 19.3 మి.మీ. పట్టా కావాలి, దొరికేది 16.5. ఎన్‌లో 10.5 కావాలి, దొరికేది 9. నిష్పత్తి రెండింట్లోనూ ఒకటే. కానీ హెచ్‌ఓలో రెండున్నర మిల్లీమీటర్లకి పైగా ఉన్న తేడా ఎదురుగా చూస్తే తెలిసిపోతుంది. ఇంజన్ కాళ్ళు దగ్గరగా పెట్టుకొని నిలబడినట్టుంటుంది. ఎన్‌లో ఒకటిన్నర మిల్లీమీటరు తేడా రెండడుగుల దూరం నుంచి కంటికి ఆనదు. బ్రిటన్ వాళ్ళ ఓఓ స్కేల్ అయితే 1:76, నడిచేది మాత్రం అదే 16.5 పట్టా మీద. మన బండికి అందులో 22 మి.మీ. కావాలి. భారతీయ బ్రాడ్ గేజ్ చేయాలనుకునేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడం మేలు.

జపాన్ వాళ్ళ కథ దీనికి రివర్సు. వాళ్ళ మామూలు రైళ్ళది 1067 మి.మీ. గేజ్. వాటిని 1:150లో చేసి 9 మి.మీ. పట్టా మీదే నడుపుతారు, పట్టా కొంచెం వెడల్పయినా పట్టించుకోరు. గేజ్ గురించి ఎవరైనా మిమ్మల్ని వేధిస్తే ఈ మాట చెప్పండి.

కాచిగూడ మీటర్ గేజ్ రోజులు గుర్తున్నవాళ్ళకి మాత్రం ఇక్కడ ఒక చక్కటి దారి ఉంది. 1000 మి.మీ. గేజ్ హెచ్‌ఓలో 11.5 మి.మీ. అవుతుంది. 12 మి.మీ. పట్టా దానికి దాదాపు సరిపోతుంది. స్విట్జర్లాండ్ మీటర్ గేజ్ రైళ్ళని యూరప్‌లో ఈ పట్టా మీదే చేస్తారు. మీటర్ గేజ్ బోగీలు చిన్నవి, రైళ్ళూ పొట్టివే. నిజామాబాద్ వైపు వెళ్ళిన పాత ప్యాసింజర్ కావాలంటే ఎన్‌కి మారే అవసరమే లేదు.

దొరకడం, డబ్బు

హెచ్‌ఓలో మన ఇంజన్లు, మన బోగీలు చేసే చిన్న తయారీదారులు దేశంలోనే కొందరున్నారు. కొద్దికొద్దిగా చేస్తారు, బుక్ చేసి ఎదురుచూడాలి, అయినా దొరుకుతాయి. ఎన్‌లో మన రైలు కావాలంటే దాదాపుగా మీరే చేసుకోవాలి. జపాన్ లేదా అమెరికా ఇంజన్ అడుగుభాగం కొని, పైన త్రీడీ ప్రింట్ చేసిన బాడీ తొడిగి, రంగులు వేసి, పేర్లు అంటించాలి. నా డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజన్ అలా తయారైందే. దగ్గర నుంచి చూస్తే ప్రింట్ గీతలు కనపడతాయి. దూరం నుంచి చూడండి అంటాను. ఈ పని మీద ఇష్టం లేకపోతే, "నాకు మన రైలే కావాలి, పెట్టె తెరవగానే నడవాలి" అంటే, ఇక్కడితో చదవడం ఆపేసి హెచ్‌ఓలోనే ఉండిపోండి. మారకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటి లేదు.

బండి సగం అయింది కదా, ధర కూడా సగం ఉంటుందనుకుంటే పొరపాటు. మంచి ఎన్ ఇంజన్ ధర మంచి హెచ్‌ఓ ఇంజన్ ధరకి దగ్గర్లోనే ఉంటుంది. చిన్న గేరు చేయడం పెద్ద గేరు కన్నా తేలిక కాదు మరి. పైగా కస్టమ్స్ లెక్కలో ఇవి కూడా బొమ్మల అధ్యాయంలోకే వస్తాయి. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. విదేశం నుంచి తెప్పించేముందు ఇవాళ్టి రేటు ఎంతుందో చూసుకొని, పార్సిల్ ఖర్చు కలిపి, అప్పుడు బటన్ నొక్కండి. ఎన్‌లో నిజంగా కలిసొచ్చేది చెక్క, ఫోమ్, మట్టి, గడ్డి లాంటి వాటి దగ్గర. అదే దృశ్యానికి సామాను తక్కువ పడుతుంది. కానీ రైలు పొడుగు పెంచుతారు కాబట్టి బోగీల సంఖ్య పెరిగి, మిగిలిందంతా అటు పోతుంది. నా డైరీలో లెక్క ఉంది, ఇంట్లో చూపించను.

చేతులు, కళ్ళు, సాంబ్రాణి

నాకు యాభై మూడు. ఎన్ మొదటి రోజు జరిగింది చెప్తాను. ఒక బోగీ పట్టా తప్పింది. హెచ్‌ఓలో అయితే రెండు వేళ్ళతో ఎత్తి, కుదిపి, దించేసేవాణ్ణి, చూడక్కర్లేదు. ఇక్కడ ఎనిమిది చక్రాల్లో ఆరు ఎక్కాయి. మిగతా రెండు ఎక్కించబోతే అవతలివి దిగాయి. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకున్నాను, నీడ పడింది. మొబైల్ లైటు వేశాను, చెయ్యి చాలలేదు. పక్క బోగీ కూడా పడింది. మా అబ్బాయి వచ్చి, "నాన్నా, జరుగు" అని పది సెకన్లలో పెట్టేసి వెళ్ళాడు. ఆ మర్నాడే రీరైలర్ ఒకటి ఆర్డర్ చేశాను. ప్లాస్టిక్ వాలు బల్ల లాంటిది, పట్టా మీద పెట్టి బోగీని జారిస్తే చక్రాలు వాటంతటవే సర్దుకుంటాయి. తలకి కట్టుకునే భూతద్దం, ఎదురుగా ఒక మంచి లైటు కూడా తీసుకోండి. ఈ మూడూ రైలు కన్నా ముందు కొనాల్సినవి.

బరువు కూడా చూడాలి. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు చేసే లెక్క ప్రకారం ఎల్‌హెచ్‌బీ పొడుగున్న హెచ్‌ఓ బోగీ 180 గ్రాముల దాకా ఉండాలి. ఎన్‌లో అదే బోగీ నలభై గ్రాముల లోపు. తేలిక బండికి పట్టా మీద చిన్న దుమ్ము రేణువు కూడా పెద్ద బండరాయి. ఇంజన్ తేలిక కాబట్టి పట్టాని గట్టిగా అదమదు, కరెంటు అందడం తగ్గుతుంది.

నా ఇంజన్ మొదటి నెల్లో ఒకే చోట, కిటికీ పక్క వంపులో, ఆగిపోయేది. వారంలో అన్ని రోజులూ కాదు. ఒక షాపులో చూపిస్తే మోటార్ పోయిందన్నారు. కొత్త మోటార్‌కి డబ్బు కట్టబోతుండగా గమనించాను, అది శనివారాలే ఎక్కువ మొరాయిస్తోంది. మా ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి వేస్తారు. పొగ గదిలోకి వచ్చి పట్టా మీద జిగురు పొర కడుతోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను, నల్లగా వచ్చింది. ఇంజన్ పరుగెత్తింది. ఇప్పుడు గురువారం రాత్రే లేఅవుట్ మీద పాత దుప్పటి కప్పుతాను. మెయిన్ రోడ్డు పక్కన ఇల్లు ఉన్నవాళ్ళు రోజూ కప్పాల్సిందే. హెచ్‌ఓలో పదిహేను రోజులకోసారి తుడిస్తే సరిపోయేది, ఎన్‌లో నడిపే ప్రతిసారీ ఒక చుట్టు తుడుస్తున్నాను. పాయింట్ల (పట్టా రెండుగా చీలే చోట్ల) దగ్గర ఫ్రాగ్‌కి, అంటే పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కకి, కూడా కరెంటు ఇచ్చే రకం కొనండి. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద చిన్న ఇంజన్ నెమ్మదిగా వెళ్తే అక్కడే నిద్రపోతుంది.

డీసీసీ, అంటే డిజిటల్ సంకేతాలతో ఒక్కో ఇంజన్‌ని విడిగా నడిపే పద్ధతి, వాడేవాళ్ళకి ఇంకో మాట. ఎన్‌లో నెక్స్ట్18 సాకెట్ ఉన్న ఇంజన్లయితే డీకోడర్ (ఆ సంకేతాలు చదివే చిప్పు) గుచ్చేయడమే. పాత ఇంజన్లలో చాలావాటికి లోపలి లోహపు ముక్కే విద్యుత్ దారి, దాన్ని అరగదీసి డీకోడర్ ఇరికించాలి. ఆ పనికి నేను దండం పెట్టాను. శబ్దం కోసం మారేవాళ్ళుంటే అసలు మారకండి. ఎన్‌లో స్పీకర్ వేలిగోరంత, ఆల్కో డీజిల్ ఇంజన్ గుడగుడ దాంట్లోంచి వస్తే దోమ పాటలా ఉంటుంది.

మధ్యలో టీటీ, చివర జెడ్

టీటీ అంటే 1:120, పట్టా 12 మి.మీ. మన బోగీ సరిగ్గా 20 సెం.మీ., 22 బోగీల రేక్ 4.4 మీటర్లు. చేతికి, కంటికి ఎన్ కన్నా సుఖం. తూర్పు యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది, 2022లో హార్న్‌బీ కూడా ఇందులోకి దిగాక కొత్త ఊపు వచ్చింది. కొలతలు చూస్తే మనలాంటి ఫ్లాట్లకి చేసినట్టే ఉంటుంది. ఇక్కడ సామాను దొరికే పరిస్థితి మాత్రం ఎన్ కన్నా సన్నం. అన్నీ సొంతంగా చేసుకునే ఓపిక ఉన్న కుర్రవాళ్ళకి నేను టీటీ వైపే చూడమంటాను. జెడ్, 1:220, పట్టా 6.5 మి.మీ., మెర్క్లిన్ 1972లో తెచ్చింది. సూట్‌కేసులో లేఅవుట్ పెట్టుకోవాలంటే బాగుంటుంది.

మారితే ఏం మిగులుతుంది

హెచ్‌ఓ పట్టాలు, బండ్లు, ఇళ్ళు, మనుషులు ఎన్‌లో పనికిరావు. హెచ్‌ఓ మనిషి రెండు సెంటీమీటర్ల లోపు, ఎన్ మనిషి సెంటీమీటరు చిల్లర. దృశ్యంలో ఒక్కటి పనికొస్తుంది, చెట్లు. హెచ్‌ఓలో పది సెంటీమీటర్ల వేపచెట్టు 8.7 మీటర్లకి లెక్క, ఎన్‌లో అదే పదహారు మీటర్ల చింతచెట్టు అయి స్టేషన్ వెనక దర్జాగా నిలబడుతుంది. బల్ల, వైరింగ్, స్విచ్‌లు, పాయింట్ మోటార్లు, కంట్రోలర్ అన్నీ పనికొస్తాయి. డీసీసీ పెట్టెలో వోల్టేజి తగ్గించే సెట్టింగ్ ఉంటే ఎన్‌కి మార్చుకోండి.

హెచ్‌ఓ సామాను మాత్రం వెంటనే అమ్మకండి. నేను ఆవేశంలో రెండు ఇంజన్లు వచ్చిన రేటుకి ఇచ్చేశాను, ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. బదులుగా ఇలా చేయండి. ఎన్‌లో అడుగున ప్లాస్టిక్ కంకర ఉన్న క్లిప్పు పట్టాల రౌండు ఒకటి, ఒక ఇంజన్, నాలుగు బోగీలు కొని రెండు నెలలు డైనింగ్ టేబుల్ మీద నడపండి. రోజూ మీరే పట్టాలెక్కించండి, మీరే తుడవండి. కప్లింగ్ కలపడం, విడదీయడం ఇరవై సార్లు చేయండి. రెండు నెలల తర్వాత కూడా సాయంత్రం దాని దగ్గరికి వెళ్ళాలనిపిస్తే ప్లైవుడ్ కొనండి. విసుగొస్తే ఆ సెట్టు ఎవరి పిల్లలకైనా ఇవ్వొచ్చు, నష్టం తక్కువ. ప్లైవుడ్ వర్షాకాలంలో కొనకండి. నాది ఆగస్టులో తెచ్చింది, సంక్రాంతికి మధ్యలో దోసెలా పైకి లేచింది.

నా గదిలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. గోడ వెంబడి ఎన్, తలుపు వెనక నాలుగడుగుల చెక్క మీద మిగిలిన హెచ్‌ఓ ఇంజన్లతో చిన్న లాలాగూడ షెడ్డు. ఎన్ రేక్ పదహారు బోగీల దాకా వచ్చింది. పోయిన ఆదివారం నాన్న వచ్చారు. షెడ్డు ముందు చాలాసేపు నిలబడ్డారు, ఇంజన్ పైన కరెంటు తీగని తాకే పాంటోగ్రాఫ్ తప్పుగా పెట్టానన్నారు. తర్వాత ఎన్ దగ్గర కుర్చీ వేసుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, రైలు బయల్దేరగానే పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేను దగ్గర ఆగి, "ఇంకోసారి తిప్పు, ఒకటి మిస్సయింది" అన్నారు.